మధురవాణి కన్నా కింద ఎవరున్నారు?

కష్టపడినవాళ్లకే ఎదుటివాళ్ల కష్టం తెలుస్తుందంటారు. అవమానం రుచి చూసినవాళ్లు మరొకరిని అవమానించరంటారు. నిజమేనా? కాదు... ఏ మెట్టు మీద ఉన్నవాళ్లయినా తమ కింద ఇంకో మెట్టు ఉందేమోనని తొంగి చూస్తారు. ఆ సంగతిని నూరేళ్ల కిందటే నవ్విస్తూ చూపించిన నాటకం ఒకటుంది. అది పుట్టింది మన విజయనగరంలోనే!

సాయంత్రం ఏడు దాటాక పొందూరు వీధుల్లో అలా నడిచి చూడండి. పగలు రాట్నం తిరిగిన ఇళ్లలోంచి టీవీ సీరియల్ పాట వినిపిస్తుంది. పొందూరనేముంది, ఏ ఊరైనా అంతే. ఆ సీరియళ్లలో ఒక మంచి కోడలుంటుంది. ఆమెను ఏడిపించడానికి ఓ చెడ్డ ఆడదుంటుంది. పుట్టింటికి చేరిన విధవ ఆడపడుచో, మొగుడు వదిలేసిన తోటికోడలో, ‘ఆ వీధి’ నుంచి వచ్చిన రెండో ఆవిడో... ఎవరైనా గానీ లోకం చేత మాట పడినవాళ్లే. అయినా మొదటి భాగం నుంచి వెయ్యో భాగం దాకా వాళ్లూ వాళ్లే జుట్లు పట్టుకుంటారు. వాళ్లందరినీ ఆ స్థితికి తెచ్చిన మగవాడు మాత్రం సోఫాలో కూర్చుని పేపరు తిరగేస్తుంటాడు!

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లోనూ ఇలాంటి ఆడవాళ్లున్నారు. విధవలున్నారు, పూటకూళ్ల ఇల్లు నడుపుకునే ఆవిడుంది, సానిగా పేరుపడ్డ మధురవాణి ఉంది. తేడా ఒక్కటే. గురజాడ ఆ మగవాణ్ని సోఫాలో కూర్చోనివ్వలేదు. మంచం కిందకి దూర్చాడు!

వెయ్యీ ముప్పై నాలుగు పెళ్లిళ్లు

పొందూరులో ప్యాసింజరెక్కితే సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల దాటాక విజయనగరం వస్తుంది. నాటకానికి తెర లేచే బొంకుల దిబ్బ అక్కడే ఉంది. తెలుగు రాజ్యమంతా తిరిగినా ఆ నాటకంలోని మాటల తీరు ఈ దారిలో ఉన్నవాళ్లకు తగిలినంత దగ్గరగా మరొకరికి తగలదు. అది ఇక్కడి నోళ్లలో నలిగిన తెలుగు.

కథ ఊహించి రాసిందే కానీ, దాని వెనక ఉన్న లెక్క మాత్రం ఊహ కాదు. విజయనగరం మహారాజు ఆనందగజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరూ ముందుకు రాని రోజులవి. అయినా 1,034 పెళ్లిళ్లు తేలాయి. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకు అయిదేళ్లు. 44 మందికి నాలుగు. 36 మందికి మూడు. ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి... ఏడాది! ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలన్నీ గురజాడే తన నాటకానికి రాసిన ఇంగ్లీషు పీఠికలో ఇచ్చారు.

అరవై ఏళ్ల వరుడికి ఏడేళ్ల పిల్లనిస్తే ఏమవుతుంది? పిల్ల ఎదిగేసరికి విధవ అవుతుంది. ఆ విధవకి మళ్లీ పెళ్లి లేదు. వంటింట్లోనో, పూటకూళ్ల ఇంట్లోనో, ఎవడో ఒకడి మాయమాటల్లోనో ఆమె బతుకు తెల్లారిపోతుంది. అందుకే కన్యాశుల్కం ఒక్క దురాచారం కథ కాదు. ఒక దురాచారం ఎన్నిరకాల ‘చెడ్డ ఆడవాళ్ల’ను తయారు చేస్తుందో చెప్పే కథ.

పేరు చివరే ఉంది మెట్టు

నాటకంలో ఉన్న పేర్లు ఒక్కసారి వరసగా చదవండి. అగ్నిహోత్రావధాన్లు, లుబ్ధావధాన్లు, రామప్ప పంతులు, కరటక శాస్త్రి, పొలిశెట్టి, అసిరిగాడు. ఎవరు ఏ మెట్టు మీదున్నారో వేరే చెప్పాలా? పేరు చివరి తోకే చెప్పేస్తుంది. అవధాన్లుకి ఆస్తి ఉన్నా బుద్ధి లేకపోయినా ‘అవధాన్లు’గారే. పొద్దస్తమానం ఆ ఇంటి చాకిరీ చేసే అసిరి మాత్రం ‘గాడు’.

ఆడవాళ్ల సంగతి ఇంకా చిత్రం. అన్నం పెట్టే ఆవిడకు అసలు పేరే లేదు. ‘పూటకూళ్లమ్మ’, అంతే. ఊరి మగవాళ్లంతా ఆవిడ చేతి వంట తిన్నారు కానీ, ఆవిడ పేరేమిటో నాటకం చివరిదాకా ఎవరికీ అక్కర్లేదు. బుచ్చమ్మ, మీనాక్షి ఇద్దరూ విధవలు. ఒకామె అగ్నిహోత్రావధాన్లు కూతురు. రెండో ఆమె లుబ్ధావధాన్లు కూతురు. అందరిలోకీ చక్కటి పేరున్నది లోకం దృష్టిలో అందరికన్నా కిందనున్న మధురవాణికే!

సాని, బోగం అన్న మాటలు అప్పటి వ్యవహారంలో మామూలుగా వాడినవే అయినా, తిట్లుగా మారి చాలాకాలమైంది. కోస్తా జిల్లాల్లో ఆ కుటుంబాలు తమను తాము చెప్పుకున్న పేరు కళావంతులు. ఆటా పాటా నేర్చిన వాళ్లు, చదువొచ్చినవాళ్లు. మామూలు ఇళ్లలో ఆడపిల్ల పుస్తకం పడితే అరిష్టమన్న రోజుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు ఆ ఇళ్లలోనే ఎక్కువ. అదే వాళ్ల గొప్ప, అదే వాళ్ల నేరం.

మంచం కింద ఇద్దరు

మొదటి అంకంలోనే ఆ ప్రసిద్ధమైన దృశ్యం వస్తుంది. మధురవాణి ఇంట్లో రామప్ప పంతులు కూర్చుని ఉండగా గిరీశం వస్తాడు. పంతులు మంచం కింద దూరతాడు. ఇంతలో చీపురుకట్ట పట్టుకుని పూటకూళ్లమ్మ ఊడిపడుతుంది. గిరీశమూ మంచం కిందకే! పూటకూళ్లమ్మ సొమ్ము పట్టుకెళ్లి మధురవాణి దగ్గర ఖర్చుపెట్టిన ఘనుడు ఆయన.

ఇక్కడ మామూలు కథ అయితే ఏం జరగాలి? విధవరాలు, సానిది ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరూ లోకం చేత వెలివేతకు గురైనవాళ్లే. ఒకే మగవాడు ఒకరి కష్టార్జితం దోచుకున్నాడు, ఇంకొకరి దగ్గర సరదా తీర్చుకున్నాడు. ‘నీవల్లే నా కొంప మునిగింది’ అని ఒకావిడా, ‘నీలాగా నేను దొంగచాటు బతుకు బతకడం లేదు’ అని ఇంకొకావిడా కొట్టుకోవాలి. మన సీరియల్ అయితే నాలుగు భాగాలు నడుస్తుంది.

గురజాడ అలా చేయలేదు. చీపురుకట్ట మధురవాణి మీదకు లేవలేదు. అది మంచం కిందకే పోయింది. గిరీశానికి తగలాల్సిన దెబ్బ రామప్ప పంతులుకు తగిలింది. హాల్లో నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల మధ్య ఒక చిన్న సంగతి జారిపోతుంది. ఇద్దరు ఆడవాళ్ల తగువు ఇద్దరు మగవాళ్ల వీపు మీద తేలింది. చీపురు దెబ్బ ఎవరికి పడాలో గురజాడకు బాగా తెలుసు.

దయకు పాత్రులు, అపాత్రులు

మంచం కింద నుంచి బయటపడ్డ గిరీశం తర్వాత ఏమయ్యాడు? సంఘ సంస్కర్త అయ్యాడు! వెంకటేశానికి చదువు చెప్పే వంకతో కృష్ణరాయపురం అగ్రహారం చేరి, బుచ్చమ్మ చెవిలో వితంతు వివాహం గొప్పతనం ఊదుతాడు. అదే నోటితో నాచ్ వ్యతిరేక ఉద్యమం గురించి ఉపన్యాసాలు దంచుతాడు. నిన్నటిదాకా ఎవరి గుమ్మం తొక్కాడో వాళ్లనే ఇవాళ సంఘానికి చీడ అంటాడు.

అది ఒక్క గిరీశం వేషమే అయితే నవ్వేసి ఊరుకోవచ్చు. ఆ కాలపు సంస్కరణలోనే ఆ గీత ఉంది. విధవ జాలిపడదగ్గ మనిషి. సాని అసహ్యించుకోదగ్గ మనిషి. ఒకామె దయకు పాత్రురాలు, మరొకామె కాదు. ఇద్దరినీ ఒకే సమాజం, ఒకే రకం మగవాళ్లు తయారు చేశారన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అలాంటి గీత ఒకటి గీస్తే ఆ గీత కిందవాళ్లు కూడా దాన్నే నమ్ముతారు. అది మరీ విషాదం. విధవ ‘నేను విధవనే కానీ సానిని కాను’ అనుకుని ఊరట పొందుతుంది. సాని ‘నేను సానినే కానీ చాటుమాటు బతుకు కాదు నాది’ అనుకుంటుంది. అద్దెకున్న ఇంట్లోనే ఇంకో అద్దెకున్నవాళ్లని చిన్నచూపు చూసినట్టు ఉంటుంది ఈ వరస. ఇల్లు మాత్రం ఇద్దరిదీ కాదు!

ఇక్కడే మధురవాణి అందరికన్నా వేరుగా కనిపిస్తుంది. ఆమె దేవత కాదు. డబ్బు లెక్క తెలుసు. మగవాళ్లని ఆడించడం తెలుసు. పొలిశెట్టి, సిద్ధాంతి, భుక్త వంటివాళ్లని కూర్చోబెట్టుకుని పేకాడుతుంది. వీధిలో పట్టింపుల పేరు చెప్పుకుని దూరదూరంగా నడిచేవాళ్లు పేకముక్కల దగ్గర మోకాళ్లు తగిలేలా కూర్చుంటారు. ఎవరి డాబు ఎంతో, ఎవరి బలహీనత ఏమిటో ఆ పేకాట దగ్గరే ఆమెకు అర్థమైపోతుంది. నవ్వుతుంది, వేళాకోళం చేస్తుంది. కానీ తనకన్నా దిక్కులేనివాళ్ల మీద ఆ వేళాకోళాన్ని ప్రయోగించదు.

సుబ్బి అనే చిన్నపిల్లని లుబ్ధావధాన్లుకి అమ్మబోతున్నారు. ఆ పిల్ల తల్లి వెంకమ్మ నూతిలో దూకింది. మేనమామ కరటక శాస్త్రి పెళ్లి ఆపడానికి తన శిష్యుడికి ఆడవేషం వేసి, వాణ్ణే పెళ్లికూతురిగా అంటగట్టే ఎత్తు వేశాడు. ఆ ఎత్తు పారాలంటే మధురవాణి సాయం కావాలి. సుబ్బిని ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. తనను గడప తొక్కనివ్వని అగ్రహారం పిల్ల. అయినా సాయం చేసింది. తన మెడలోని కంటె కూడా ఆ వ్యవహారంలోకి పోయింది. ‘మా బతుకు ఎవరు పట్టించుకున్నారు గనక మేం పట్టించుకోవాలి’ అనలేదు. అని ఉంటే మనమెవరమూ తప్పుపట్టలేకపోయేవాళ్లం.

సంస్కర్తల ఇంట్లో తలుపులు

నాటకం బయట కూడా ఇదే కథ నడిచింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులు సామాన్యుడు కాదు. వెలి అనుభవించారు, తిట్లు తిన్నారు, అయినా వెనక్కి తగ్గలేదు. అంతటి మనిషికీ ఒక తలుపు మూసే ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో వెలిగిన కవయిత్రి ముద్దుపళని గురించి రాస్తూ ఆమె వేశ్య అన్న సంగతిని ఎత్తిచూపారు. ఆమె ‘రాధికా సాంత్వనం’లో ఆడవాళ్ల చెవిన పడకూడని మాటలున్నాయన్నారు.

దానికి జవాబు మరో ఆడమనిషి నుంచే వచ్చింది. దేవదాసి కుటుంబంలో పుట్టి, సంగీతంలో మహా విదుషిగా పేరు తెచ్చుకున్న బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగకవులు రాసిన అంతకన్నా పచ్చి వర్ణనలకు అడ్డులేదేమని నిలదీశారు. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలానికి గానీ ఆ నిషేధం తొలగలేదు. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించింది కూడా ఈ నాగరత్నమ్మే.

కందుకూరిని తక్కువ చేయడానికి చెప్పడం లేదు ఇదంతా. ఒక అన్యాయం మీద ప్రాణం పెట్టి పోరాడిన మనిషికి పక్కనే ఉన్న మరో అన్యాయం కనిపించకపోవచ్చు. ఆయనకే అలా జరిగితే మనమెంత?

కాకినాడలో ఒక సభ

1921లో గాంధీజీ కాకినాడ వచ్చారు. ఆయన్ని దేవదాసీలతోనూ, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడించాలని పట్టుబట్టింది ఒక అమ్మాయి. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. పేరు దుర్గాబాయి. తర్వాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశమంతా ఎరిగిన మనిషి. గాంధీజీకి అయిదువేల రూపాయలు నిధి ఇస్తేనే ఆ సభకు సమయం దొరుకుతుందని నిర్వాహకులు మెలిక పెట్టారు. ఆ సొమ్ము సంగతి మేం చూసుకుంటామన్నది దేవదాసీలే! సభ జరిగింది. ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. గాంధీజీ మాటలను హిందీ నుంచి తెలుగులోకి మార్చి చెప్పింది ఆ పిల్లే. ఈ సంగతులన్నీ ఆమె తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

ఒకే సభలో దేవదాసీలు, ముస్లిం స్త్రీలు. ఒకరి నీడ ఒకరి మీద పడకూడదని లోకం నిర్ణయించిన రెండు గుంపులు. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలన్న ఆలోచన పెద్దలకు కాదు, ఓ చిన్నపిల్లకు వచ్చింది.

ఆ మరుసటి కథ కూడా చెప్పుకోవాలి. అలాంటి స్త్రీలను తొలిసారి కలిసింది కాకినాడలోనేనని గాంధీజీ ఆ ఏడాదే ‘యంగ్ ఇండియా’లో రాశారు. వాళ్ల దుస్థితికి మగవాళ్లు సిగ్గుపడాలన్నారు. వృత్తి మాని రాట్నం పట్టమన్నారు. ఏ రాట్నం పొందూరుకు దేశమంతటా పేరు తెచ్చిందో ఆ రాట్నమే! వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్ననూలు వడికి, ఆడవాళ్లు ఇక్కడ తరతరాలుగా సంసారాలు ఈదుకొచ్చారు. రాట్నం అన్నం పెడుతుందన్నది నిజం. కానీ 1925లో బారిసాల్‌లో అలాంటి స్త్రీలు తమ వృత్తి మానకుండానే కాంగ్రెస్ పనిలో కలిసినప్పుడు గాంధీజీ గట్టిగా తప్పుపట్టారు. అంటే తలుపు తెరిచే ఉంది... షరతుతో. ‘మారి రా, అప్పుడు మనిషివి’ అన్న షరతు.

చాలామంది మంచివాళ్ల సహనం ఇక్కడిదాకా వచ్చి ఆగుతుంది.

విశాఖపట్నంలో ఆఖరి పరీక్ష

మళ్లీ నాటకంలోకి వద్దాం. పెళ్లికూతురు వేషంలో ఉన్న కుర్రాడు పారిపోయాడు. పిల్లను చంపేశాడంటూ లుబ్ధావధాన్లు మీద కేసు పడింది. ఆయన తరఫు వకీలు సౌజన్యారావు పంతులు. నిజాయితీపరుడు, దయగలవాడు, సానులంటే గిట్టనివాడు. వాళ్ల మొహం కూడా చూడడు. లుబ్ధావధాన్లుని బయటపడేసే నిజం మాత్రం మధురవాణి దగ్గరే ఉంది.

మధురవాణి మగవేషం వేసుకుని ఆయన ఇంటికి వెళ్లింది. ఆడదానిగా, ఫలానా మధురవాణిగా వెళితే తలుపే తెరుచుకోదు మరి. తనెవరో చెప్పకుండా మాట్లాడుతుంది. ఒక సాని సాక్ష్యం ఇస్తే ముసలాయన బయటపడతాడంటుంది. దానికి ప్రతిఫలం ఏమిటన్న బేరం మొదలై, చివరకు ఒక ముద్దు దగ్గర ఆగుతుంది. నిర్దోషి ప్రాణం ఒకవైపు, తన నియమం ఇంకోవైపు. సౌజన్యారావు నలిగి నలిగి ఒప్పుకుంటాడు. అప్పుడామె వేషం తీసేసింది.

ఆ క్షణంలో గెలుపంతా ఆమెదే. ఇన్నాళ్లూ తనలాంటివాళ్లని చీదరించుకున్న మనిషి తన ముందు తలవంచాడు. పగ తీర్చుకోవాలంటే అంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? ఆమె తీర్చుకోలేదు. చెడిపోని మనిషిని చెడగొట్టకూడదని తన తల్లి నేర్పిన నీతిని గుర్తుచేసి, ఆయన నియమాన్ని ఆయనకే వదిలేసింది. సాని తల్లి కూతురికి నీతి నేర్పుతుందని సౌజన్యారావు కలలోనైనా అనుకుని ఉంటాడా?

ఇదీ సహనమంటే. తనను చిన్నచూపు చూసినవాడి నమ్మకాన్ని కూడా తొక్కకుండా పక్కకు జరగడం. ‘నువ్వు మారితేనే నిన్ను గౌరవిస్తాను’ అని ఆమె షరతు పెట్టలేదు. ఆయన మారాడు. ఆమె చేతికి భగవద్గీత ఇచ్చాడు. గిరీశం బండారం ఆమె వల్లే బయటపడింది. బుచ్చమ్మ ఆ మాయగాడి చేతికి చిక్కకుండా పోయింది.

బుచ్చమ్మకు హోమ్, మధురవాణికి పుస్తకం

చివర్లో సౌజన్యారావు బుచ్చమ్మను పుణె విడోస్ హోముకు పంపే ఏర్పాటు చేస్తాడు. అలాంటి ఆశ్రమం నిజంగానే ఉంది. ధోండో కేశవ కర్వే 1896లో పుణెలో వితంతువుల కోసం స్థాపించారు. చదువు చెప్పి, కాళ్ల మీద నిలబెట్టే చోటు.

మరి మధురవాణి? ఆమెకు పుస్తకం దక్కింది. మెప్పు దక్కింది. వెళ్లడానికి చోటు మాత్రం దక్కలేదు. అందరి చిక్కుముడులూ విప్పిన మనిషి తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు. అది గురజాడ మరచిపోయినది కాదనిపిస్తుంది. ఆనాటి సమాజంలో ఆమె కోసం కట్టిన ఇల్లు లేదు. లేని ఇంటిని నాటకంలో ఎలా చూపిస్తాడు?

తర్వాత చట్టాలొచ్చాయి. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని మద్రాసు రాష్ట్రంలో 1947లో నిషేధించారు. ఆంధ్రప్రదేశ్ 1988లో మరో చట్టం చేసింది. ఊహ తెలియని ఆడపిల్లని దేవుడి పేరుతో ఊరికి అప్పగించడం ఆగాలి కాబట్టి ఆ చట్టాలు అవసరమే. అయితే ఆట మానేసినా, ఇల్లు మారినా, పెళ్లిళ్లు చేసుకున్నా ఆ కుటుంబాల వెంట చూపులు మాత్రం చాలాకాలం నడిచాయి. చట్టం వృత్తిని ఆపగలదు. పక్కింటివాళ్ల చూపుని ఆపలేదు.

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. ఇంత చూసిన గురజాడ నాటకంలోనూ ఒక అంచు మిగిలింది. ఆడవాళ్ల బాధ గురించి వాదనలు జరుగుతాయి. అసిరిగాడి బతుకు గురించి మాత్రం నాటకం చెప్పేది కొద్దిగానే. మెట్లన్నీ ఒకేసారి ఎవరికీ కనిపించవు. ఒకరు ఒక మెట్టు చూపిస్తే, తర్వాతి వాళ్లు ఇంకో మెట్టు చూడాలి.

మన ఇంట్లో ఎన్ని మెట్లు?

పూర్వం సంగతి అనుకుంటే పొరపాటే. ఇంట్లో పనిచేసే ఆవిడకు విడిగా గ్లాసు పెడతాం. ఆ ఆవిడ చెత్తబండి లాగే మనిషిని గుమ్మం దాకా రానివ్వదు. సొంత ఊళ్లో కులం పేరుతో మాట పడ్డవాడు పట్నంలో ఇల్లు కట్టుకున్నాక అద్దెకు వచ్చినవాడి కులం అడుగుతాడు. మొగుడు వదిలేసిన ఆడపిల్లకు ధైర్యం చెప్పే తల్లే, రెండో పెళ్లి చేసుకున్న పక్కింటి అమ్మాయి గురించి ముక్కు విరుస్తుంది. రైల్లో హిజ్రాలు చేయి చాస్తే మొహం తిప్పుకునేవాళ్లలో, జీవితమంతా మొహం తిప్పించుకున్నవాళ్లూ ఉంటారు. పైనుంచి పడిన బరువును కింద ఉన్నవాడి మీద దించుకుంటే తేలిగ్గా ఉంటుంది మరి!

టీవీ సీరియల్ రాసేవాళ్లకు ఈ తత్వం బాగా తెలుసు. ఇద్దరు బాధితుల్ని ఎదురెదురుగా నిలబెడితే ఏళ్ల తరబడి కథ నడుస్తుందని తెలుసు. చూసే మనకూ ఒక పక్షం తీసుకోవడం సరదాగానే ఉంటుంది. కానీ ఇంట్లో పిల్లలు కూడా మన పక్కనే కూర్చుని చూస్తున్నారు. ‘చెడ్డ ఆడది’ తెరమీదకు రాగానే మనమేమంటున్నామో వింటున్నారు.

అందుకని ఒక చిన్న పని చేయొచ్చు. ఈసారి సీరియల్లో ఇద్దరు ఆడవాళ్లు కొట్లాడుకుంటుంటే పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి... ‘వీళ్లిద్దరికీ ఈ గొడవ తెచ్చిపెట్టింది ఎవరు? ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడు?’ మంచం కింద వెతకడం వాళ్లకు అలవాటైతే చాలు. మధురవాణిని చదివినట్టే!

వేదిక నుంచి బుల్లితెర దాకా

* ‘కన్యాశుల్కం’ తొలి ప్రదర్శన 1892 ఆగస్టు 13న విజయనగరంలో జరిగింది. ప్రదర్శించింది జగన్నాథ విలాసినీ సభ.

* 1897లో తొలి కూర్పు అచ్చయింది. 1909లో బాగా పెంచి, మార్చి రెండో కూర్పు తెచ్చారు. ఇప్పుడు మనం చదువుతున్నది, వేదిక మీద చూస్తున్నది ఎక్కువగా ఈ రెండోదే.

* 1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. గిరీశంగా ఎన్టీ రామారావు, మధురవాణిగా సావిత్రి నటించారు. తర్వాత బుల్లితెర మీదికీ ఎక్కింది.

* శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన సోదరులు జె.వి.సోమయాజులు, జె.వి.రమణమూర్తి ఈ నాటకంతో వేదిక మీద గొప్ప పేరు తెచ్చుకున్నారు. అన్న రామప్ప పంతులు, తమ్ముడు గిరీశం.

* పురాణం సుబ్రహ్మణ్యశర్మ మధురవాణిని బతికున్న మనిషిలా ఊహించి, ఆమె పెద్దలను ఇంటర్వ్యూ చేసినట్టు రాశారు. తెలుగులో ఒక నాటక పాత్రకు దక్కిన అరుదైన గౌరవమిది.

* 2007లో వెల్చేరు నారాయణరావు ఈ నాటకాన్ని ‘గర్ల్స్ ఫర్ సేల్’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చారు.